అతిథి కుర్చీ

ఏడో తరగతి గదిలో కుర్చీ కనిపించకుండా పోయిన రోజు ఫౌజియాకు అసలే మనసు నిలకడగా లేదు.

అది బోర్డు పక్కన అతిథి కోసం వేసి ఉంచిన కుర్చీ.

గురువారం అమెరికా నుంచి పరిశీలకులు వస్తున్నారు. అరబ్బు దేశంలో, మలాజ్‌లోని ఆ స్కూల్లో అమెరికా చరిత్ర ఇంగ్లీషులో చెప్పేది ఫౌజియా. నల్లవాళ్లకో బడి, తెల్లవాళ్లకో బడి ఉన్న రోజులు కళ్లారా చూసిన మనిషిని పిల్లల ముందు కూర్చోబెట్టాలని ప్రిన్సిపాల్ ప్రేమలత పట్టుబట్టింది.

"దొరక్కపోతే మేడమ్?"

"నీ కాంట్రాక్టు గురించి ఇక నేనేం మాట్లాడలేను."

ఫౌజియా తెలిసిన అమెరికా వాళ్లందరికీ ఫోన్లు చేసింది. ఎవరూ దొరకలేదు. ఇప్పుడు కుర్చీ కూడా లేదు.

ఆఖరి పీరియడ్‌లో పుస్తకంలోని ఫొటో చూపించింది. తెల్లవాళ్ల బడిలోకి పోలీసుల మధ్య నడిచి వెళ్తున్న నల్ల పిల్లవాడు.

"పక్కన ఎవరూ కూర్చోలేదు. ఏడాదంతా ఒక్కడే కూర్చున్నాడు."

"ఆ తర్వాత ఏమయ్యాడు మిస్?" ఉదయకిరణ్ అడిగాడు.

"పుస్తకంలో లేదు."

కొత్తగా చేరిన ఆసిఫా చెయ్యెత్తింది.

"తర్వాత, ఆసిఫా."

ఫౌజియా చూపు అప్పటికే కిటికీ మీద పడింది.

కిటికీ అవతల, గోడ నీడలో, ఆ కుర్చీ. అందులో అరబ్బుల్లా పాదాల దాకా తెల్ల తోబ్ వేసుకున్న నల్లని ముసలాయన.

విసురుగా బయటికొచ్చి వాచ్‌మన్ మస్తాన్ వలీని పిలిచింది. అతనిదీ ఆమెదీ కడపే.

"నా కుర్చీ ఎవరు తీశారు?"

"నేనే మేడమ్. పెద్దాయప్ప ఎండకు నిలబడలేకపోతాంటే ఏసినా. ఆసిఫా పాపను తీస్కపోను వస్తాడు. సూడాన్ డ్రైవరు మాదిరుండాడు."

"అడగలేదా?"

"నా అరబ్బీకి ఎవురైనా నవ్వాల్సిందే. ఈయప్పా నవ్వుతాడు."

"డ్రైవర్లకు షెడ్డుంది కదా?"

"ఉండాది. మీ పాఠం ఇనపడతాదని రోజూ ఈడనే ఉంటాడు."

"ఆయనకేం అర్థమవుతుంది? షెడ్డులోకి పంపు."

ముసలాయన తనంతట తానే లేచాడు. రుమాలుతో కుర్చీ తుడిచాడు. రెండు చేతులతో ఎత్తి ఆమె ముందు పెట్టాడు. మెల్లగా షెడ్డు వైపు నడిచాడు.

గురువారం పరిశీలకులు వచ్చారు. ఖాళీ కుర్చీ వైపు చూశారు. ప్రేమలత ఫౌజియా వైపు చూసింది.

ఆసిఫా ఆ రోజు బడికి రాలేదు.

మరుసటి వారం వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"తాతయ్య పోయారు మిస్."

"అయ్యో తల్లీ!" ఫౌజియా దగ్గరికి తీసుకుంది. "ఇవాళ డ్రైవర్ తీసుకొచ్చాడా?"

"మాకు డ్రైవర్ లేడు మిస్. రోజూ తాతయ్యే తెచ్చేవారు."

ఫౌజియా చెయ్యి ఆ పిల్ల భుజం మీదే ఆగిపోయింది.

"మీరు పిలిస్తే గురువారం వస్తానన్నారు. చెప్పాలనే ఆ రోజు చెయ్యెత్తాను."

"అంతకుముందే చెప్పకూడదా అమ్మా?"

"మీరు ఎలా చెబుతారో ముందు విననీ అన్నారు. విన్నాక, బాగా చెబుతోంది అన్నారు."

ఆసిఫా పుస్తకం తెరిచింది. పోలీసుల మధ్య నడుస్తున్న పిల్లవాడి మీద వేలుంచింది.

"ఆ తర్వాత ఏమయ్యాడని ఉదయకిరణ్ అడిగాడు కదా మిస్. మా తాతయ్య అయ్యాడు."

కుర్చీ బోర్డు పక్కనే ఉంది. ఆ పాఠం ఫౌజియా ఇంకా పూర్తి చెయ్యలేదు.