నోరు ముయ్యని చిప్పలు

రోళ్ళు పగిలే రోహిణి ఎండ. ఉప్పాడలో అందరి ఇళ్ళలోలాగే నూకరత్నం పెరట్లోనూ ఒక ఉప్పునీటి తొట్టి, అందులో మునిగి ఇంటికి కరెంటిచ్చే పెట్టె, నీటిని శుభ్రం చేస్తూ చుట్టూ బతికున్న ఆలిచిప్పలు. నీళ్ళు వేడెక్కితే చిప్పలు నోరు మూసుకుంటాయి. అవి మూసుకుంటే, కాలిపోకుండా పెట్టె కరెంటు తగ్గించేస్తుంది.

మధ్యాహ్నం ఆమె ఏసీ ఆగిపోయింది. విసనకర్రతో పెరట్లోకి వస్తే, గోడ అవతల పక్కింటి ఎల్లాజీ నవ్వుతున్నాడు.

"పొద్దుట్నించీ మా రెండు ఏసీలూ ఆగితే ఒట్టు వదినా! మా చిప్పలు గట్టి పిండాలు. ఒక్కటీ నోరు ముయ్యలేదు."

"ఒక్కటీనా?"

"ఆయ్. అన్నీ బార్లా తెరుచుకునే ఉన్నాయి."

నూకరత్నం పరుగున వాళ్ళ పెరట్లోకి వెళ్ళి మెయిన్ స్విచ్ కట్టేసింది. తొట్టిలో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. పెట్టె నుంచి కాలిన వాసన. తొట్టి వెనక గోడకి ఆనుకున్న గదిలోనే ఎల్లాజీ మనవరాలు నిద్రపోతోంది.

"అదేంటొదినా, ఆపేశావు?"

"బజార్లో నోరు తెరుచుకున్న చిప్పని కొంటావా నువ్వు?"

"చచ్చినదాన్ని ఎవరు కొంటా..." ఎల్లాజీ తొట్టివైపు చూశాడు. లోపలికి పరిగెత్తి పిల్లని ఎత్తుకొచ్చాడు.

సాయంత్రం వాళ్ళ తొట్టి కడిగించి, పెరుగుకి తోడు ఇచ్చినట్టు తన చిప్పలు కొన్ని గిన్నెలో తెచ్చి ఇచ్చింది నూకరత్నం.

"ఇంత ఎండలో ఇవి కరెంటు ఇస్తాయా వదినా?"

"ఇవ్వవు. బతికున్నాయిగా!" అని, విసనకర్ర కూడా అతని చేతిలో పెట్టింది.