అప్పాజీగారి వారంటీ

“కింద పడితే కూడా బాగుచేసిస్తారా అమ్మా?”

“చేస్తారండి.”

“దొంగెత్తుకుపోతే?”

“అది రాదండి.”

“ఎలకలు కొరికితే?”

దుర్గాశ్రీ చేతిలోని కాగితం తిరగేసింది. ఎలకల సంగతి అందులో ఎక్కడా లేదు. పొద్దున తొమ్మిదింటి నుంచీ నిలబడే ఉంది, కాళ్ళు పీకేస్తున్నాయి. రాజమండ్రిలోని ఆ కంప్యూటర్ల షాపులో కుర్చీలున్నది కొనడానికొచ్చేవాళ్ళకే. అమ్మేవాళ్ళు కూర్చోకూడదన్నది మేనేజరు ప్రసన్నకుమార్ పెట్టిన రూలు.

“ఎలకలకి లేదండి.”

“పోన్లే. మా ఇంట్లో పిల్లి ఉంది.”

అప్పాజీగారిది నిడదవోలు దగ్గర పల్లెటూరు, వ్యవసాయం. కూతురు హారతికి ఇంజనీరింగులో సీటొచ్చిందని సోమవారం వచ్చి లాప్‌టాప్ కొన్నారు. ఆ రోజు మూడేళ్ళ వారంటీ గురించి దుర్గాశ్రీ అరగంట గొంతు చించుకుంది. “కంపెనీవాడు ఏడాది ఇచ్చాడుగా, చాల్లే” అని ఒక్క ముక్కలో తేల్చేశారాయన. బిల్లయిన వారం లోపు ఎప్పుడొచ్చినా తీసుకోవచ్చని గుమ్మందాకా వెంటపడి మరీ చెప్పిందామె. అలా చెప్పించుకుని తిరిగొచ్చినవాళ్ళు ఆ షాపు పుట్టిన తర్వాత ఒక్కరూ లేరు.

అలాంటిది శుక్రవారం పన్నెండు కాకుండానే ఈయన ప్రత్యక్షమయ్యారు. లాప్‌టాప్ బ్యాగుని పక్క కుర్చీలో మెల్లగా దించి, అది ఒరగకుండా ఒక చెయ్యి దానిమీదే వేసుకుని కూర్చున్నారు. బ్యాగుకి కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

దుర్గాశ్రీకి ఆయన దేవుడిలా కనిపించారు. ఆ రోజు ఆగస్టు ముప్ఫై ఒకటి. నెలకి పది వారంటీలు అమ్మాలి, తొమ్మిదే అయ్యాయి. పదోది పడకపోతే రేపటి నుంచి రానక్కర్లేదని ప్రసన్నకుమార్ పొద్దున్నే చెప్పాడు, అదీ నవ్వుతూ. భర్త కిరణ్ కాలు విరిగి రెండు నెలలుగా మంచంలో ఉన్నాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె జీతంతోనే.

“ఇందులో రెండు రకాలున్నాయండి,” అంది ఓపిక తెచ్చుకుని. “మామూలుది మూడువేలు. పడినా, పగిలినా, తడిసినా చూసేది ఐదువేలు.”

“ఐదువేలదే రాయి.”

బేరం లేదు. సోమవారం మౌసు ఊరికే ఇమ్మని గంటసేపు వాదించిన మనిషి ఈయనేనా అనిపించింది. కానీ అలసిపోయిన మనిషికి ఆశ్చర్యపడే ఓపిక కూడా ఉండదు. ఫారం తీసి పేరు రాయడం మొదలుపెట్టింది.

ఆయన జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్లమీద పెట్టారు. “ప్రసాదం తీసుకో తల్లీ. శ్రావణ శుక్రవారం కదా, తెల్లారగట్టే దీనికి పూజ చేసింది మా ఆవిడ రామతులసి. మోటారు గానీ మిక్సీ గానీ, మంచిరోజు చూసి కొబ్బరికాయ కొట్టందే ఎవరినీ ముట్టుకోనివ్వదు. పాప ఇంకా దాని మీద ఒక్క అక్షరం కొట్టలేదు.”

పొట్లంలో కొబ్బరిముక్క. అంచున కాస్త పసుపు అంటుకుని ఉంది. దుర్గాశ్రీ పెన్ను ఆగిపోయింది. నెలంతా ఇలాంటివాళ్ళకే కదా అంటగట్టింది అనుకుంటే తనమీద తనకే రోత పుట్టింది.

మేనేజరు గదివైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. “బాబాయిగారూ, నేనిలా చెప్పానని ఎవరితోనూ అనకండి. ఇది దండగండి. బాగుచేసేది హైదరాబాదులో. పంపిస్తే తిరిగొచ్చేసరికి నెలా నెలన్నర. కొత్త మిషను, మీరు చూస్తే జాగ్రత్తగల మనుషులు. ఆ ఐదువేలూ ఉంచుకోండి.”

అనేశాక భయం వేసింది. పదోది పోయినట్టే. కిరణ్‌కి ఏం చెప్పాలో తెలియలేదు. అయినా ఆ ప్రసాదం ముందు పెట్టుకుని అబద్ధం ఆడలేకపోయింది.

అప్పాజీగారు తల దించుకుని చేతిగడియారం తిప్పుకున్నారు.

“నెలన్నరకైనా బాగుచేసి ఇస్తారు గదా?”

“ఇస్తారండి. కానీ...”

“రాయమ్మా.”

“వద్దని నేనే చెబుతున్నాను కదండీ.”

“మంచి పిల్లవమ్మా నువ్వు. అందుకే నాకు ఇబ్బందిగా ఉంది. రాసెయ్యి.”

చెప్పాల్సింది చెప్పింది. ఇంకేం చేస్తుంది? “సీరియల్ నంబరు కావాలండి, ఒకసారి బ్యాగు ఇలా ఇవ్వండి,” అని చెయ్యి చాచింది. ఆయన గబుక్కున అడ్డుపెట్టారు.

“బిల్లుమీద ఉందిగా. దాన్నెందుకు కదపడం?”

నిజమే, బిల్లుమీద ఉంది. చూసి రాసుకుంది.

“ఎప్పట్నించి అమల్లోకొస్తుంది?”

“ఇవాళ్టి నుంచేనండి.”

“తారీఖు కనపడేట్టు వెయ్యమ్మా.”

వేసింది. ఆయన సంతకం పెట్టి, డబ్బిచ్చి, రసీదు నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకున్నారు. బ్యాగుని భుజానికి తగిలించుకోకుండా రెండు చేతులా పట్టుకుని, ఆమె మొహంలోకి చూడకుండా వెళ్ళిపోయారు. ఎండలో ఆయన రోడ్డు దాటుతుంటే దుర్గాశ్రీ అద్దంలోంచి చూస్తూ నిలబడింది. వద్దని చెప్పినా వినని అమాయకుణ్ణి ముంచానని ఆమెకి బాధగా ఉంది. ఉద్యోగం నిలిచిందన్న సంతోషం కూడా సరిగ్గా ఒంటబట్టలేదు.

ప్రసన్నకుమార్ బయటికొచ్చి ఫారం చూశాడు. “పదీ అయ్యాయన్నమాట. పది నిమిషాలు కూర్చో అమ్మాయ్,” అన్నాడు, వరమిస్తున్నట్టు.

దుర్గాశ్రీ కొబ్బరిముక్క నోట్లో వేసుకుని, ఇందాక బ్యాగు పెట్టిన కుర్చీలోనే కూలబడింది. వెంటనే లేచింది. చీర తడిసింది. ఏసీ కారిందేమోనని పైకి చూసింది గానీ, ఏసీ అవతలి గోడకి ఉంది. కుర్చీలోని తడిని వేలితో తాకితే జిగురుగా తగిలింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

బ్యాగులోంచి కారినవి కొబ్బరినీళ్ళు.