గోడకు తిరిగిన బొట్టు

కుండీ మీది బొట్టు మళ్ళీ గోడవైపు తిరిగి ఉంది.

ఎంఎంటీఎస్ రైలు దిగి, చిలకలగూడ సందుల్లో నడిచి, మెట్లెక్కి వచ్చిన కల్పలతకు అలసటంతా కోపమైంది.

"ఏందిది? మల్ల తిప్పిన్రు!"

తలుపు తీసిన యుగంధర్ కుండీని చూశాడు, భార్యను చూశాడు.

"గాలికి తిరిగిందేమో."

"గాలికి తిరగనీకి అది ఫ్యానా?"

చెప్పులైనా విప్పకుండా వంగి, కుండీని గరగరమని తిప్పి, బొట్టు తన గుమ్మంవైపు ఉండేలా పెట్టుకుంది.

అది జెముడు మొక్క. కల్పలత తల్లి శ్యామలమ్మ కాప్రాలో ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వచ్చేటప్పుడు, చిన్న ముక్కను గుడ్డలో చుట్టుకొచ్చి నాటింది. గుమ్మం పక్కనుంటే దిష్టి తగలదంది. ఆకులేని, పూలు లేని ఆ ముళ్ళ కొమ్మ చూస్తుండగానే మనిషెత్తు దాటి నిటారుగా నిలబడింది.

శ్యామలమ్మ మాత్రం నడుము వంగిపోయి, నేలను చూస్తూ నడిచేది. పోయిన ఏడాది కన్నుమూసింది.

అప్పటినుంచీ కల్పలతకు ఆ మొక్కే అమ్మ. శుక్రవారం శుక్రవారం కుండీకి పసుపు రాసి, గుమ్మంవైపు పెద్ద కుంకుమబొట్టు పెడుతుంది. ఆఫీసుకు పోయేముందు దాంతో రెండు మాటలు మాట్లాడుతుంది. యుగంధర్ నవ్వినా పట్టించుకోదు.

అలాంటి బొట్టును ఎవరో గోడకు తిప్పుతున్నారు.

"ఎవరో ఏంది? ఎదురింటి బ్యూలానే," అంది కల్పలత. "పొద్దున లేచి తలుపు తీస్తే మన బొట్టు కనబడొద్దు ఆమెకు. వాళ్ళకు నచ్చది."

"చూడకుండ అట్ల అనకు."

"చూసే అంటా. ఆగండి."

శనివారం సెలవు పెట్టింది. టీవీ కూడా పెట్టకుండా తలుపు వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం బయట గరగరమని చప్పుడైంది.

తలుపు తీసేసరికి బ్యూలా రెండు చేతులా కుండీని పట్టుకుని ఉంది.

"ఏం చేస్తున్నరు?"

బ్యూలా తడబడింది. "ఏం లేదు కల్పలతా, జెర తిప్పుతున్న."

"మా బొట్టుతోటి మీకేం తక్లీఫ్? మీ తలుపుకు సిలువ ఉన్నది. మేమెప్పుడన్న ముట్టినమా?"

"అయ్యో, అది కాదమ్మా. మీ అమ్మగారు..."

"మా అమ్మ పేరెత్తకండి!"

కింది అంతస్తు తలుపులు కూడా తెరుచుకున్నాయి. అందరూ చూస్తుండగా బ్యూలా కుండీని వదిలి, మట్టి చేతుల్ని కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఎదురు ఒక్క మాట అనలేదు.

అనకపోవడమే తప్పు చేసిన గుర్తని కల్పలత తీర్మానించింది. అపార్ట్‌మెంటంతా ఆమె తీర్మానాన్నే బలపరిచింది. మెట్ల మీద ఎదురైనా బ్యూలాను పలకరించేవాళ్ళు లేకుండా పోయారు.

ఎండాకాలం సెలవుల్లో బ్యూలా ఇల్లు ఖాళీ చేసింది. సామాను వ్యాన్‌లోకి ఎక్కించాక కుండీ దగ్గర ఆగి, కల్పలతవైపు చూసి నోరు తెరవబోయింది.

కల్పలత తలుపు వేసుకుంది.

ఆ తర్వాత బొట్టు కదలలేదు. ఆఫీసు నుంచి ఎప్పుడొచ్చినా తనవైపే చూస్తూ ఉంది.

"చూసిన్రా? ఇప్పుడు మా అమ్మ మొహం నా దిక్కే ఉన్నది," అని మురిసిపోయింది.

వానలు తగ్గేసరికి జెముడు తల వరండా చివరి కిటికీవైపు వాలింది.

నీళ్ళు చాలట్లేదేమోనని కల్పలత ఇంకో చెంబు పోసింది. మొక్క ఇంకాస్త వంగింది. అమ్మ పాతచీర చింపి మేకుకు కట్టింది. అయినా వంగుతూనే ఉంది.

ఒకరోజు సాయంత్రం వచ్చేసరికి జెముడు నడుము దగ్గర విరిగి నేలమీద పడి ఉంది. విరిగినచోట తెల్లగా పాలు కారుతున్నాయి.

కల్పలత అక్కడే కూలబడి ఏడ్చింది. అమ్మ మళ్ళీ పోయినట్టే ఉంది ఆమెకు.

అప్పుడే పైఅంతస్తు వీరరాఘవమ్మ మెల్లగా మెట్లెక్కుతూ వచ్చింది. మోకాలి ఆపరేషన్‌కని రాజమండ్రిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిన ఆవిడ, ఇన్నాళ్ళకు తిరిగి రావడం అదే. ఇక్కడి గొడవేదీ ఆవిడకు తెలియదు.

"అయ్యయ్యో, ఇదేంటమ్మా! బ్యూలా తిప్పడం లేదా?"

కల్పలత తలెత్తింది. "ఏం తిప్పుడు?"

"కుండీనమ్మా. ఒకపక్కే వెలుతురు తగిలితే మొక్క అటే వంగిపోతుందని, నువ్వు ఆఫీసుకి వెళ్ళాక మీ అమ్మగారు రోజూ కాస్త తిప్పేవారు. 'నా లెక్క దీనికి గూని రావొద్దు' అని నవ్వేవారు కూడాను."

కల్పలత మేకుకు వేలాడుతున్న అమ్మ చీరపీలికను పట్టుకుని లేచింది.

"మంచాన పడ్డాక ఆ పని బ్యూలాకి అప్పజెప్పారు. నేనూ అక్కడే ఉన్నాను. 'కల్పకు చెప్పకు, నాతోటి అది ఇప్పటికే పరేషాన్ల ఉన్నది. నువ్వు సుత నా బిడ్డవే, నువ్వే చూసుకో' అన్నారు. ఆ పిల్ల ఏడుస్తూ చేతిలో చెయ్యేసింది. ఇంతకీ ఏదీ బ్యూలా? తలుపుకి తాళం ఉందేం?"

కుండీ మీది బొట్టు కల్పలతవైపే చూస్తోంది. అమ్మకిచ్చిన మాట నిలబెట్టుకున్న కూతురు మాత్రం ఎదురింటి గుమ్మం దాటి ఎప్పుడో వెళ్ళిపోయింది.