జిగురు కోటు

వచ్చే వారానికి పుండు తగ్గుముఖం పట్టకపోతే ఖమర్‌బీ కాలి బొటనవేలు తీసేయాల్సిందేనని ప్రొద్దుటూరు డాక్టరు తేల్చి చెప్పాడు.

ఆ రోజు నుంచి అలీ అహ్మద్ తొండూరు తోటను జీతగాడికి వదిలేసి, పులివెందుల ఇంట్లో పెళ్లాం మంచం పక్కనే కాపలా కూర్చున్నాడు. ఖమర్‌బీకి చిన్నప్పటి నుంచీ మాత్ర గొంతు దిగదు. అందుకే పూట తప్పకుండా ఆయనే తన చేత్తో మింగిస్తాడు. అయినా పుండు మానదు, షుగరు దిగదు.

జమ్మలమడుగు కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పే కోడలు నాజియా ఆదివారం చూడటానికి వచ్చింది.

"చీము పరీక్షలో ఈ మాత్రకు పురుగులు చస్తాయనే వచ్చింది కదమ్మా. మరి కాల్లో ఎందుకు చావవు?" అడిగాడాయన.

"ల్యాబులో వాటికి చప్పిడి తిండి మామా. వాటి ఒంటి మీద ఏ పొరా ఉండదు, మందు నేరుగా తగుల్తాది. అత్త నెత్తుర్లో చక్కెర శానా ఉంది. అంత తిండి దొరికితే అవి ఒంటి చుట్టూ జిగురు కోటు కప్పుకుంటాయి. ఇంక మందు వాటికి సరిగ్గా ఎక్కదు."

"అంటే ఎవరో వాటికి కోటు కుట్టిస్తాండారు."

"అంతే మామా," అనేసి నాజియా బస్సుకు వెళ్లిపోయింది.

ఆయన వేట మొదలైంది. చక్కెర డబ్బా, బెల్లం పక్కింటికి చేరాయి. ఖమర్‌బీ దిండు దులిపాడు. పలకరించడానికి వచ్చిన చెల్లెలు జానీబీ సంచి కూడా తడిమాడు.

"ఏందన్నా, సొరకాయ తెచ్చినా."

"దాంట్లో ఏం దాచినావో."

"కోసి చూసుకో. కూరైనా అయితాది."

ఖమర్‌బీ పడుకునే నవ్వింది. "సంకటి, ఆకుకూర, మందు. ఇవి తప్ప నా నోట్లోకి ఏం పోతాంది? వేలు పోతాదని నాకు మాత్రం భయం లేదా?"

నిజమే అనిపించిందాయనకు. "మరి చక్కెర యాడి నుంచి వస్తాంది? దొంగ ఈ ఇంట్లోనే ఉండాడు. దొరికితే ఇడిచిపెట్టను."

"సరేగానీ, మాత్ర వేళయింది," గుర్తు చేసింది ఖమర్‌బీ.

అలీ అహ్మద్ గబగబా చేతులు కడుక్కుని, తోట నుంచి వచ్చిన గెలలో బాగా మాగిన అరటిపండు ఏరి ఒలిచి, ఎప్పటిలాగే మాత్రను దాని నడుమన గుచ్చి, "ఊఁ, నోరు తెరువు" అన్నాడు.