మూయి, తెరువు

కోల్డ్ స్టోరేజీ తలుపుల కోసం అక్కాతమ్ముళ్లు జావాలో వెబ్ అప్లికేషన్ రాస్తున్నారు. తెర తమ్ముడిది. తెర మాటను తలుపుకు చేరవేసే సర్వీసు అక్కది.

ఇన్నాళ్లూ ఎడమొహం పెడమొహంగా ఉన్న ఆ రెండూ ఇవాళ కలిశాయి. ‘మూయి’ బటన్ నొక్కగానే ‘మూసుకుంది’ అని పచ్చగా జవాబొచ్చింది. తమ్ముడు కుర్చీలోంచి గంతేసి అక్కకు ఫోన్ చేశాడు.

“అక్కా, నీ టెస్ట్ సర్వీసు అదిరింది! అడగ్గానే పలుకుతోంది.”

“పగటికలలు కంటున్నావా? దాన్ని నేనింకా ఆన్ చెయ్యనే లేదు.”

తమ్ముడు సెట్టింగుల్లో అడ్రస్ చూశాడు. అది టెస్ట్‌ది కాదు, అసలు గిడ్డంగిది.

“అక్కా, ఎక్కడున్నావ్?”

“గిడ్డంగి లోపలే, సెన్సర్లు బిగిస్తున్నా. అందరూ భోజనాలకెళ్లారు. ఒరేయ్, తలుపు దానంతటదే మూసుకుందిరా. లోపలి పిడి తిరగట్లేదు. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. నీ తెర మీంచి తెరువు.”

‘మూయి’ పక్కనే ‘తెరువు’ బటన్ నిగనిగలాడుతోంది. తమ్ముడు నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

“తెరిచావా?” అంటోంది అక్క.

ఆ బటన్ వట్టి బొమ్మ. దాన్ని సర్వీసుకు కలిపే పని రేపు చూద్దామనుకున్నాడు.