అద్దాల పేటలో

భార్య లోపల, భర్త బయట ఉండగానే లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

అతను అరచేత్తో తలుపు మీద బాదాడు. కనబడ్డ మీటలన్నీ నొక్కాడు. గాజు గోడలోంచి ఆమె చెప్పులు ఒక్క క్షణం కనబడి, పైకి పోయి మాయమయ్యాయి.

నగరంలో కొత్తగా వెలిసిన ఈ ఖరీదైన పేటను ఒక్కసారి చూడాలని ఆమె ఎన్నాళ్ళ నుంచో అడుగుతోంది. పోరు పడలేక ఇవాళ తీసుకొచ్చాడు. మెడ నొప్పెట్టేంత ఎత్తు మేడలు, మేడకీ మేడకీ మధ్య గాజు వంతెనలు, ముఖం చూసుకోదగ్గ నేల. పొద్దుటి నుంచి ఆమె చెయ్యి వదల్లేదు. లిఫ్టు దగ్గర జనం తోసుకొచ్చేసరికి పట్టు జారింది.

తరవాతి లిఫ్టులో ఎక్కాడు. దిగినచోట అన్నీ గడియారాల దుకాణాలు. పై అంతస్తులోనూ అవే. వంతెన దాటితే ఇంకో మేడ, ఆపైన ఇంకో వంతెన. ఎవరినో దారి అడిగితే గోడ మీది తెర చూపించారు. అందులో ‘మీరు ఇక్కడ ఉన్నారు’ అని ఎర్రచుక్క వెలుగుతోంది. తనెక్కడున్నాడన్నది కాదు అతనికి కావలసింది.

చివరికి కాళ్ళీడ్చుకుంటూ సెక్యూరిటీ గదికి చేరాడు. బల్ల వెనక నడివయసు అధికారిణి కూర్చుని ఉంది.

“మా ఆవిడ తప్పిపోయిందండీ. కాస్త మైకులో పిలిపించండి.”

“ముందు కూర్చోండి. ఫోన్ చేసి చూశారా?”

“తన ఫోను నా దగ్గరే ఉంటుందండీ.”

“పోనీ, చేతిలో డబ్బులున్నాయా?”

“తనకెందుకు? ఏం కావాలన్నా నేనే కొనిస్తాను.”

“దగ్గర్లో చుట్టాలెవరైనా?”

“ఎవరితోనూ రాకపోకల్లేవు. నేనే మాన్పించాను.” అతను బల్ల మీదికి వంగాడు. “దానికి రోడ్డు దాటడం కూడా రాదండీ. పెళ్ళయ్యాక ఒంటరిగా గడప దాటి ఎరగదు. నోట్లో నాలుక లేని మనిషి. ఎక్కడ నిలబడి ఏడుస్తోందో ఏమో.”

అధికారిణి మంచినీళ్ళిచ్చింది. ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు. ఎదురుగా కెమెరా తెరల మీద జనం చీమల్లా కదులుతున్నారు. ఒక్కొక్క ముఖమే వెతికాడు. ఏ ముఖమూ ఆమెది కాదు.

“నేనే వెళ్ళి వెతుక్కుంటాను,” అని లేచాడు.

“మీరో దారి, ఆవిడో దారి అయితే మొదటికే మోసం. మా వాళ్ళు అన్ని వైపులా చూస్తున్నారు. మీరు ఇక్కణ్ణుంచి కదలకండి.”

అతను మళ్ళీ కూలబడ్డాడు. అంత పెద్ద మనిషీ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, చేష్టలుడిగి, తెరల వంక చూస్తూ ఉండిపోయాడు.

ఇంతలో అధికారిణి వాకీటాకీ గరగరమంది. ఆమె బయటికి వెళ్ళి గాజు తలుపు మూసింది. లోపల అతనికి మాటలు వినబడలేదు. ఆమె పెదవులనే చూస్తూ రెండు చేతులూ జోడించాడు.

“ఆవిడ కోరినట్టే బస్సెక్కించాను మేడమ్,” అంది అవతలి గొంతు. “బస్సు కదిలింది కూడా.”

“మంచి పని చేశావు. ఇంకో గంటసేపు ఈయన్ని ఇక్కడే కూర్చోబెడతాను.”