లాగి చూడని గూడు

మొదటి గుడ్డు పెట్టి అలా కదిలానో లేదో, గూటి అడుగు నుంచి ఓ గడ్డిపోచ జారిపోయింది.

నేనో పిచ్చుకని. వేసవంతా ఏరుకున్న జొన్నలన్నీ ఇచ్చి గిజిగాడు బాబాయి దగ్గర ఆ గూడు కొన్నాను. వెంటనే వెళ్ళి అడిగాను.

"కొనేముందు లాగి చూసుకోవద్దటే? మా ఆడాళ్ళు వేలాడి, లాగి చూశాకే గూట్లో కాలు పెడతారు!" అన్నాడు.

"నీ ఎదురుగా లాగితే నిన్ను అనుమానించినట్టుంటుందని ఊరుకున్నా బాబాయ్."

"పిచ్చి మొహమా! రేపు బాగుచేస్తాలే" అని నా నోట్లో ఓ పురుగు పెట్టాడు. ఆ రేపు ఇంకా రాలేదు. పోచలు మాత్రం జారుతూనే ఉన్నాయి.

చెరువులో తాబేలమ్మ కొన్నవాళ్ళ గోడు వింటుందని తెలిసి వెళ్ళాను. "నువ్వు లాగి చూడకపోయినా తప్పు అమ్మినవాడిదే. గూడు బాగుచెయ్యాలి, లేదంటే జొన్నలు తిరిగివ్వాలి. వకీలెందుకు, నువ్వే చెప్పుకో. జారిన పోచలు సాక్ష్యానికి పట్టుకురా" అంది.

పోచలు ముక్కున పట్టుకుని బయల్దేరబోతుంటే సంగతి తెలిసి బాబాయి ఎగిరొచ్చాడు. కింది రెమ్మ మీద నిలబడి గూటిని వీపుతో ఎత్తి పట్టాడు. "ఫిర్యాదు చెయ్యకే తల్లీ, నలుగురిలో పరువు పోతుంది. గుడ్డు పడకుండా నేను పట్టుకుంటాగా!"

పట్టుకునే ఉన్నాడు పాపం, కాళ్ళు వణుకుతున్నాయి. నేనిప్పుడు వెళ్ళాలా, ఆగాలా? మీరే చెప్పండి.